సంక్రాంతిలోపే కత్తెర

సిద్దిపేట జిల్లా వర్గల్ గుట్ట మీది విద్యా సరస్వతి ఆలయంలో వసంత పంచమి నాడు పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి జనం బారులు తీరతారు. ఆ పండుగతో చలి వెళ్లిపోయి వసంతం వచ్చినట్టేనని మన లెక్క. పెరటి మల్లెకు, మందారకు కత్తెర పెట్టడం కూడా అప్పుడు చూసుకోవచ్చులే అనుకునేవాళ్లు ఉంటారు. మల్లె విషయంలో అప్పటికి ఆలస్యమవుతుందని నా అభిప్రాయం. పండుగ తిథిని బట్టి జరుగుతుంటుంది. 2024లో అది ఫిబ్రవరి 14, 2026లో జనవరి 23. మొక్కకు తిథులతో పనిలేదు, అది ఎండనూ నేలలోని తేమనూ రాత్రి చలినీ బట్టి నడుచుకుంటుంది. ఆ లెక్కన మన దగ్గర మల్లె పని సంక్రాంతికల్లా ముగియాలి.

చలిదేశాల తోటపని పుస్తకాలు, వీడియోలు చలికాలం చివర్లోనో మార్చిలోనో కొమ్మలు కత్తిరించమంటాయి. లేత చిగురు మంచుకు మాడిపోతుంది కాబట్టి అక్కడ ఆ జాగ్రత్త సబబే. సిద్దిపేట జిల్లాలో చిగురుకు భయం మంచుతో కాదు, ఎండతో. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే చోట మార్చిలో కత్తిరిస్తే లేత రెమ్మ నేరుగా ఆ ఎండలోకే వస్తుంది. పైగా మల్లె ముదురు కొమ్మకు పూయదు, కొత్తగా వేసిన రెమ్మ కొసన పూస్తుంది. అక్కడ సాధారణంగా మూడేసి మొగ్గలు కలిసి వస్తాయి. నడిమిది ముందుగా ఉబ్బి తెల్లబడేసరికి పక్కవి రెండూ ఇంకా సన్నగా, పచ్చగానే ఉంటాయి. రెమ్మ సాగి ఆ స్థితికి రావడానికి వారాలు పడుతుంది. జనవరి మొదట్లో కత్తిరించిన మల్లెకే మార్చిలో నిండుగా పూత అందుతుంది.

అయితే కత్తెర కన్నా ముందు చేయాల్సింది నీళ్లు ఆపడం. తెలుగునాట మల్లె రైతులు చలికాలంలో తడులు ఆపేసి, తోటలోకి గొర్రెలను తోలి ఆకు మేపించి, ఆ తర్వాతే కొమ్మలు కత్తిరిస్తారు. చూసేవాళ్లకు తోటను పాడుచేస్తున్నట్టే ఉంటుంది, కానీ మొక్కకు విశ్రాంతి దొరికేది అప్పుడే. పెరట్లో ఆకును చేత్తో దూసేస్తే చాలు. ఎండుపుల్లలూ బక్క కొమ్మలూ తీసేసి, మిగతావాటిని నేల నుంచి మూరెడు ఎత్తున కత్తిరించి, పాదు తవ్వి, బాగా మాగిన పశువుల ఎరువు వేసి అప్పుడు నిండుగా నీళ్లు పెట్టాలి. ఎర్ర చలక నేల తొందరగా ఆరుతుంది కాబట్టి డిసెంబర్‌లో నీళ్లు ఆపితే సరిపోతుంది. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, అక్కడ నవంబర్ నుంచే ఆపాలి. కుండీల్లో మాత్రం పూర్తిగా ఆపకూడదు, వేర్లు ఎండిపోతాయి. తగ్గించడమే మేలు.

అడవిలో మోదుగకు ఎవరు కత్తెర పెట్టారు, అది పూయడం లేదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మోదుగకు ఎవరూ రోజూ నీళ్లు పోయరు. వానలు ఆగాక నేల దానంతటదే ఆరుతుంది, చెట్టు ఆకు రాల్చి పూతకొస్తుంది. పెరటి మల్లెకు మనం ఏడాది పొడవునా నీళ్లు పోసి ఆ ఎండుకాలమే లేకుండా చేశాం, అందుకే అది ఆకు మీదే బతుకుతుంది. తీసుకున్న విశ్రాంతిని తిరిగివ్వడం మన బాధ్యత. పచ్చని మొక్కను అంతగా కోయడం పాపమనే మాట కూడా వింటాం. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ ఏళ్ల తరబడి కోయని మల్లె గుబురుగా పెరిగి లోపల వెలుతురు లేక పుల్లలు ఎండి, పూత పలచబడుతుంది.

ఇదే సూత్రాన్ని పెరడంతటికీ పట్టిస్తే మాత్రం నష్టమే. దక్కనులో గులాబీని వానలు వెళ్లాక అక్టోబర్‌లో కత్తిరిస్తారు. జనవరిలో అది మంచి పూత మీద ఉంటుంది, వాడిన పూలు తుంచితే చాలు. మందారకు కొసలు కత్తిరిస్తే సరిపోతుంది. కాగితపు పూల చెట్టును పూత ఉండగా ముట్టుకోవద్దు. మీ మొక్క సంగతి తెలియకపోతే వీడియో చూసి కత్తెర పట్టకండి. వర్గల్ పక్కనే ములుగులో కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, డిసెంబర్‌లోపే అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి.