పురుషోత్తమ చౌదరి కీర్తనలు: జ్ఞానము, ప్రతిభ

తెలుగు క్రైస్తవ వాఙ్మయమును పరిశీలించువారు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని త్రొక్కుచుందురు. కొందరు దానిని మతబోధగా మాత్రమే చదివి కవిత్వమును విడిచిపెట్టుదురు. మరికొందరు భాషాఛందస్సులను మాత్రమే పరీక్షించి, అందలి సాధనను విస్మరింతురు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనల విషయమున ఈ రెండును చాలవని మా యభిప్రాయము. ఆయన కీర్తనలలో జ్ఞానాన్వేషణమును కవనశక్తియు వేర్వేరు కావు.

ఈ యభేదమునకు బైబిలులోనే యాధారము కలదు. సొలొమోను దేవుని యడిగినది జ్ఞానము. ప్రత్యక్షపు గుడారమును నిర్మింప నియుక్తుడైన బెసలేలునకు లభించినది లోహములతోను, రత్నములతోను, కొయ్యతోను పనిచేయు నేర్పు. హెబ్రీ భాషలో ఈ రెంటికిని 'హొఖ్మా' యను నొకే పదము వాడబడినది. మన యాలంకారికులలో మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము కలిసియే కావ్యహేతువగునని చెప్పెను. శక్తి సహజముగా వచ్చునది. నిపుణత లోకమునుండియు శాస్త్రములనుండియు వెదకి సంపాదింపవలసినది. వరము దొరకినంతమాత్రమున వెదకుట ముగియదని ఉభయసంప్రదాయములును తెలుపుచున్నవి. అయితే బెసలేలు నేర్పునకు పరమార్థము సమాజారాధనము. చౌదరి కీర్తనలకును ఇదియే గీటురాయి.

లండన్ మిషనరీ సంఘమువారు 1805లో విశాఖపట్టణమునకు వచ్చిరి. అచ్చట నారంభమైన యనువాదకృషి ఫలితముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమునను, ప్రిచెట్ క్రొత్తనిబంధన 1818లో చెన్నపట్టణమునను ముద్రితములయ్యెను. గ్రంథమైతే లభించినది గాని చదువనేర్చినవారు కొలదిమంది. అక్షరస్థమైన జ్ఞానము నిరక్షరుల నాలుకపైకి రావలెనన్న గేయమే శరణ్యము. బ్రాహ్మణకుటుంబమున జన్మించి 1833లో కటకమున బాప్తిస్మము పొందిన చౌదరి యీ కొరతను గుర్తించి తీర్చినవారిలో ముఖ్యుడు. ఆయన మతము మార్చుకొనెను గాని, జగన్నాథుని నామమైన తన పేరును మార్చుకొనలేదు. అట్లే పల్లవిచరణముల కట్టడమును, రాగతాళములను, ప్రాసలను విడువలేదు. వానిని క్రొత్త యారాధనమునకు వినియోగించెను.

ఆయన రచనలన్నియు నొకే స్థాయివి కావు. 'కులాచార పరీక్ష' వంటి ఖండనగ్రంథమున వాదమే ప్రధానము. అది బుద్ధిని కదలించును గాని హృదయమును కరగింపజాలదు. 'యేసునాయక శతకము' మనకు పరిచితమైన శతకమార్గమున నడచినది. కీర్తనలలో మాత్రము తెలిసికొన్న విషయము అనుభవముగా మారుచున్నది. ఆత్మనింద, శరణాగతి, నామస్మరణము అను భక్తిలక్షణములు ఇందు స్పష్టములు.

ఇది పాత భక్తిసామగ్రిని క్రొత్త దైవమునకు సమర్పించుట మాత్రమే కాదా యని యాక్షేపింపవచ్చును. సామగ్రి పాతదే. కాని దేవాలయారాధనలో కీర్తన వాక్యపఠనమునకును ప్రసంగమునకును తోడుగా నిలుచును. విన్న వాక్యమునకు సంఘము స్వయముగా చెప్పు ప్రత్యుత్తర మది. అందలి 'నేను' కవి యొక్కడే కాడు, పాడువారందరును. ఈ వినియోగమే ప్రాతరూపమునకు నూతనార్థమును కల్పించినది. సిద్ధాంతములను వరుసగా నేకరువు పెట్టినచోట్ల కీర్తన ప్రశ్నోత్తరావళివలె పలుచబడుననుటయు నిజమే. అచ్చట జ్ఞానము కలదు, ప్రతిభ నిద్రించినది.

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంపుటమున రాగతాళములు సూచింపబడియున్నవి. ఐనను అవి నేడెట్లు పాడబడుచున్నవో పరిశోధకులు చెవియొగ్గి వినవలసియున్నది. ఇందుకు విశాఖపట్టణములోని కూర్మన్నపాలెము తగిన క్షేత్రము. శ్రీకూర్మక్షేత్రమును స్ఫురింపజేయు పేరుగల యీ చోట, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము కారణముగా పలుజిల్లాల వారు వచ్చి స్థిరపడిరి. సూచింపబడిన రాగము నిలిచినదా? ప్రాంతీయపు బాణీ దానిని మార్చినదా? చరణములలో వేనిని జనులు కంఠస్థము చేసిరి, వేనిని విడిచిరి? ఈ ప్రశ్నలకు సమాధానము లభించిననాడు చౌదరి ప్రతిభ యెంతవరకు సంఘము సొత్తయినదో నిర్ణయింపగలము. అంతవరకు ఆయనను సాహిత్యచరిత్రలో ఒక యనుబంధముగా మాత్రము చూపుట న్యాయము కాదని మా మనవి.