గొలుసుకో తాళం, పాటకో తాళం

కుస్తీ తార జాన్ సీనా ర్యాప్ ఆల్బమ్ ‘యూ కాన్ట్ సీ మీ’ 2005 మే 10న విడుదలైంది. అమెరికా కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ సొంత రికార్డుల విభాగంతో కలిసి దాన్ని బజారులోకి తెచ్చిన కంపెనీ కొలంబియా. ఇదే కొలంబియా 1963లో ఇరవై ఒక్కేళ్ల బాక్సరు ఒకడి చేత ప్రగల్భాలు పలికించి వాటితో ఒక రికార్డు వేసింది. ఆ కుర్రాడు కాసియస్ క్లే. మహమ్మద్ అలీ అయింది ఆ తర్వాత. నన్ను మించినవాడు లేడంటూ ప్రాసలు గుప్పించి ఎదుటివాణ్ణి ఏకిపారేసే విద్య క్లేకి ఎలా అబ్బింది? 1961లో లాస్ వేగస్‌లో ఒక రేడియో కార్యక్రమంలో అతను గార్జియస్ జార్జ్ అనే కుస్తీ తారను కలిశాడు. ఉంగరాలు తిప్పిన బంగారు రంగు జుట్టు, పట్టు అంగీలు, నోరు తెరిస్తే బడాయి. అతను ఓడిపోతే చూడాలని జనం టికెట్లు కొనేవాళ్లు. ఆ కిటుకు క్లేకి అర్థమైంది. తర్వాతి కాలంలో ర్యాప్ కవులు అలీని తమ పెద్దల్లో ఒకడిగా లెక్కగట్టారు. అంటే కుస్తీ గోదాలోంచి బయటికెళ్లిన సరుకు నలభై ఏళ్లు ఊరంతా తిరిగి మళ్లీ గోదాకే చేరిందన్నమాట. కండలు తిరిగినవాడికి ర్యాప్ ఎందుకని నవ్వినవాళ్లకు ఈ చుట్టరికం తెలియదు.

డబ్ల్యూడబ్ల్యూఈలో గెలుపోటములు ముందే ఖాయమై ఉంటాయి. డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడుకున్న మన పిల్లలకే ఆ సంగతి తెలుసు, తెలిసీ చూశారు. మరి అక్కడ మల్లుడు నిజంగా సంపాదించుకునేదేమిటి? జనం అరుపు. అందులో సగం ఒంటితో వస్తుంది, సగం మైకుతో. ఆ మైకు పనిని వాళ్లు ‘ప్రోమో’ అంటారు. ప్రత్యర్థి పేరెత్తాలి, అతని లోపం ఎక్కడుందో పట్టుకోవాలి, ఆ రాత్రి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరిని మాటల్లోకి లాగాలి, చివరికి చూసుకుందాం రా అనాలి. విలన్ అయితే ఊరి జట్టును తిడతాడు, హీరో అయితే పొగుడుతాడు.

బ్యాటిల్ ర్యాప్‌కూ దాదాపు ఇవే సూత్రాలు. 1981 డిసెంబరులో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ క్లబ్బులో కూల్ మో డీ, బిజీ బీ తలపడ్డారు. బిజీ బీ జనాన్ని హుషారెత్తించడంలో దిట్ట. కూల్ మో డీ మాత్రం అతన్నే లక్ష్యం చేసుకుని, వరస పెట్టి ప్రాసలతో పరువు తీశాడు. ర్యాప్ పోటీల తీరు మార్చిన రాత్రిగా దాన్ని చెప్పుకుంటారు. దీని మూలాలు ఇంకా వెనక, నల్లజాతి అమెరికన్ల వీధుల్లో ఎదుటివాడి తల్లిని, ఇంటిని తిట్టుకుంటూ ఆడే ‘డజన్స్’ అనే ఆటలో ఉన్నాయి. అందులో కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టే.

సీనా ఇందులోకి వచ్చిన దారి తమాషాగా ఉంటుంది. మసాచుసెట్స్‌లోని వెస్ట్ న్యూబరీ అనే చిన్న ఊరి తెల్లవాడతను. హిప్‌హాప్ బట్టలు వేసుకుంటున్నాడని తోటి పిల్లలు ఏడిపించేవారనీ, అందుకే కండలు పెంచడం మొదలుపెట్టాననీ తనే చెప్పుకున్నాడు. 2002 జూన్ 27న కర్ట్ యాంగిల్ మీద తొలి టీవీ మ్యాచ్ ఆడాడు. ఒళ్లు బాగుంది, ఆట బాగుంది, జనంలో మాత్రం చలనం లేదు. ఉద్యోగం ఊడే దశకు వచ్చాడు. అలాంటి రోజుల్లో విదేశీ పర్యటనలో బస్సు వెనక కూర్చుని తోటివాళ్లతో ఆశువుగా ర్యాప్ అల్లుతుంటే కంపెనీ యజమాని కూతురు స్టెఫనీ మెక్‌మాన్ విన్నది. ఇది టీవీలో చేస్తావా అని అడిగింది. ఆ ఏడాది హాలోవీన్ ఎపిసోడ్‌కి వెనిల్లా ఐస్ వేషంలో వచ్చాడు. వెనిల్లా ఐస్ అంటేనే హిప్‌హాప్ లోకంలో నకిలీకి మారుపేరు. మొదటి అడుగు వెక్కిరింతతోనే పడిందని ఒప్పుకోక తప్పదు. ఆ తర్వాత ‘డాక్టర్ ఆఫ్ థగనామిక్స్’ అనే బిరుదు తగిలించుకున్నాడు. పాతకాలపు క్రీడాకారుల జెర్సీలు, మెడలో గొలుసు, దానికి వేలాడే తాళం కప్ప. 2003లో సియాటిల్‌లో జరిగిన కంపెనీ వార్షిక మహోత్సవం రెసిల్‌మేనియాలో ర్యాప్ తారలు జే-జీ, ఫాబొలస్‌ల అట్టబొమ్మలు నిలబెట్టి వాటి మీద ర్యాప్ చేశాడు. నల్లవాళ్ల వీధి వేషాన్ని తెల్లవాడు విలన్ సరుకుగా అమ్ముకోవడం కొందరికి రుచించలేదు. వాళ్ల మాటలో న్యాయముంది. కానీ వేషం కింద ఉన్న అభిమానం చిన్ననాటిది. ఆల్బమ్ వింటే అది తెలుస్తుంది.

గోదాలో ర్యాప్‌కీ స్టూడియోలో ర్యాప్‌కీ ఎంత దూరమో చాలామంది గమనించరు. గోదాలో సీనా ఎక్కువగా వాద్యం లేకుండానే చెప్పేవాడు. రెండు పాదాలు: మొదటిది ఎర, రెండోది దెబ్బ. మొదటి పాదం చివర ఒక మాట వదిలి, దానికి ప్రాస ఏమై ఉంటుందో జనం ఊహించుకునేంతసేపు ఆగేవాడు. ఊహ కుదిరితే గొల్లుమంటారు, ఊహకు మించిన మాట పడితే ఇంకా గొల్లుమంటారు. బూతు రాబోతోందనుకుంటే ఒక్కోసారి నోట్లోనే ఆపేసి, పూరించే పని వాళ్లకే వదిలేసేవాడు. తర్వాతి పాదం ఎప్పుడు మొదలవ్వాలో నిర్ణయించేది ఆ అరుపు నిడివే.

స్టూడియోలో డ్రమ్ము ఎవరి కోసమూ ఆగదు. బార్‌కి నాలుగు దెబ్బలు, చరణానికి సాధారణంగా పదహారు బార్లు. నవ్వుకోడానికి విరామం ఉండదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ముందే లెక్క వేసుకోవాలి. అందుకే మంచి ర్యాప్ కవి పాదం చివర ఒక్క అంత్యప్రాసతో సరిపెట్టుకోడు. పాదం మధ్యలో ప్రాసలు కూరుతాడు, రెండు మూడు అక్షరాల గుంపును మొత్తంగా తిరిగి పలికిస్తాడు, ఒక్కోచోట బార్ గీత దాటించి మాటను అవతలి పాదంలో దించుతాడు. వినేవాడు మొదటిసారి సగం పోగొట్టుకుని వెనక్కి తిప్పి వింటాడు. గోదాలో ఆ సౌకర్యం లేదు, అక్కడ మొదటిసారే తగలాలి. స్టేజీ మీద పద్యం చివర రాగం తీసి వన్స్‌మోర్ కోసం నిలబడే పౌరాణిక నటుణ్ణి గ్రామఫోన్ కంపెనీ గదిలో కూర్చోబెట్టి, మూడు నిమిషాల్లో ముగించమంటే ఎంత ఇబ్బందో ఇదీ అంతే.

ఆ ఇబ్బంది ఎంతటిదో పాతతరం మల్లుడు ‘మాచో మ్యాన్’ రాండీ సావేజ్‌ని వింటే తెలుస్తుంది. ప్రోమోలో అతనికి సాటి వచ్చేవాళ్లు తక్కువ. గరగరలాడే గొంతు, ఎక్కడ పెంచుతాడో ఎక్కడ దింపుతాడో అంతుపట్టని ఊపు. 2003 అక్టోబరులో, యాభై ఏళ్ల వయసులో, ‘బీ ఎ మ్యాన్’ అనే ర్యాప్ ఆల్బమ్ చేశాడు. దాని శీర్షిక పాట తోటి మల్లుడు హల్క్ హోగన్‌కి బహిరంగ సవాలు. అయితే ఆ గొంతు గొప్పదనమంతా కాలాన్ని ఇష్టమొచ్చినట్టు సాగదీయడంలో ఉంది. దాన్ని బీటుకు కట్టేసరికి పులిని బండికి కట్టినట్టయింది. అదే ఆల్బమ్‌లో చనిపోయిన మిత్రుడు కర్ట్ హెనిగ్‌కి నివాళిగా ఒక ర్యాప్ ఉంది. ఈ హెనిగ్ 1999లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే మరో కుస్తీ కంపెనీలో ర్యాప్ ఒట్టి చెత్త అని పాడిన జట్టుకు నాయకుడు! ర్యాప్ తార మాస్టర్ పీ ముఠాను హీరోలుగా నిలబెట్టాలని ఆ కంపెనీ అనుకుంటే, దక్షిణ రాష్ట్రాల జనం హెనిగ్ పాటకే కేరింతలు కొట్టారు.

సీనా ఆ గుంతలో పడకపోవడానికి కారణం ఒంటరిగా రాకపోవడం. ఆల్బమ్ ముఖచిత్రం మీద అతని పేరుతో పాటు ‘ద ట్రేడ్‌మార్క్’ అనే మరో పేరుంటుంది. అతను సీనా కజిన్, బాల్యం నుంచి ర్యాప్ తోడు. బంపీ నకల్స్ అనే న్యూయార్క్ పాతకాపు మూడు పాటల్లో గొంతు కలిపాడు. 2005లో రేడియోలన్నీ క్లబ్బు పాటలతో ఊగుతుంటే వీళ్లు తొంభైల నాటి తూర్పు తీరపు పద్ధతికి వెళ్లారు: గట్టి డ్రమ్ము, పాత రికార్డులోంచి కత్తిరించిన ముక్క, దాని మీద మాట. నా లెక్కలో సీనా ర్యాప్ కొంచెం బిగుసుకుని ఉంటుంది. ప్రతి పాదాన్నీ గీత దగ్గర ఠక్కున ఆపేస్తాడు. అతని కజిన్‌ది జారుడు నడక. కానీ కుస్తీ బడాయి పక్కన పెట్టి పాత రోజులు తలుచుకున్న ‘రైట్ నౌ’ దగ్గర సీనా గొంతు సడలుతుంది. అందులో వేషం లేదు. ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 జాబితాలో 15వ స్థానంతో మొదలైంది. అప్పటికి నెల కిందటే అతను ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు కాబట్టి అమ్మకాల్లో టీవీ వాటా పెద్దదే అయి ఉంటుంది.

పదిహేడు పాటల్లో ఒక్కటి మాత్రం టీవీ అండ లేకపోయినా బతికేది: జేక్ వన్ కూర్చిన ‘ద టైమ్ ఈజ్ నౌ’. పీట్ స్కోఫీల్డ్ బృందం వాయించిన పాత వాద్యగీతంలోంచి తీసిన బాకాల ముక్క దాని ప్రాణం. సీనా గోదాలోకి వచ్చేటప్పుడు మోగిన పాట అదే. బాకాలు మోగినప్పుడు మాటలుండవు. ఆ ఖాళీలో జనం సొంత సాహిత్యం పెట్టారు. ‘జాన్ సీనా సక్స్’ అని అదే వరసలో వేలమంది పాడారు. అతన్ని తిట్టేవాళ్లు అతని పాటనే గొంతెత్తి పాడటం గార్జియస్ జార్జ్ చూసి ఉంటే మురిసిపోయేవాడు. గోదాలో జనం కోసం ఆగే అలవాటును స్టూడియో పాటలో ఎలా ఇమడ్చాలో ఈ ఒక్క చోట కుదిరింది. అది అనుకుని చేశారా, అలా కలిసొచ్చిందా అంటే కలిసొచ్చిందనే నా నమ్మకం.

2008లో డబ్ల్యూడబ్ల్యూఈ కుటుంబ ప్రేక్షకుల వైపు మళ్లాక పచ్చి ర్యాప్‌కి చోటు తగ్గింది. 2019 రెసిల్‌మేనియాలో ఒక్కసారి గొలుసు, జెర్సీలతో ‘డాక్టర్’ తిరిగొచ్చాడు. 2023 సెప్టెంబర్ 8న సీనా హైదరాబాద్ గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి వచ్చి, సేథ్ రోలిన్స్‌తో జట్టుకట్టి, ఇండియాలో తన తొలి మ్యాచ్ ఆడాడు. టెన్ స్పోర్ట్స్ రోజుల నుంచి టీవీలో విన్న బాకాలు మనవాళ్లకు ఎదురుగా వినిపించింది అప్పుడే. ఆల్బమ్ మొత్తం వినాలనుకునేవారు ‘రైట్ నౌ’తో మొదలుపెట్టి, తర్వాత బంపీ నకల్స్ ఉన్న ‘బ్యాడ్, బ్యాడ్ మ్యాన్’కి వెళ్లడం మేలు. భాష మాత్రం పచ్చిగా ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి.