కోకా సుబ్బారావు తీర్పులు: దృక్పథం, నిష్పాక్షికత

రచయిత జీవితాన్ని ముందు పెట్టుకొని రచనను తూచడం సాహిత్య విమర్శలో తరచూ కనిపించే పొరపాటు. న్యాయమూర్తుల తీర్పులను చదివేటప్పుడూ అదే జరుగుతోంది. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు (1902–1976) విషయం ఇందుకు నిదర్శనం.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, భారత ప్రధాన న్యాయమూర్తిగా, ప్రాథమిక హక్కులను తొలగించే, కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆయన తీర్పునిచ్చారు. అది ఆరుగురు, ఐదుగురుగా ధర్మాసనం చీలిన తీర్పు. ఏప్రిల్ 11న రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ఈ 43 రోజుల వ్యవధి వల్లనే ఆ తీర్పు ఆస్తిపరుల పక్షపాతమన్న మాటకు బలం చేకూరింది.

తీర్పు పాఠం అంత సులువుగా లొంగదు. ఆస్తిహక్కు పట్ల ఆయనకు మొగ్గు ఉన్నది, దానిని దాచుకోలేదు కూడా. అయినా పాత సవరణలు చెల్లుతాయనీ, కొత్త సూత్రం ఇకమీదటికే వర్తిస్తుందనీ చెప్పి, భూమికోసం వచ్చిన వారి పిటిషన్లను కొట్టివేశారు. భూసంస్కరణలు తలకిందులు కాకుండా తన మొగ్గుకు తానే హద్దు గీసుకున్నారన్నమాట. 1962 నాటి ఖరక్‌సింగ్ కేసులో రాసిన భిన్నాభిప్రాయంలోనూ ఈ స్వేచ్ఛాదృష్టే ఉంది. అక్కడ ఆస్తి ప్రసక్తే లేదు. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలై, పోలీసు నిఘాలో పడిన మనిషి గోప్యతే ప్రశ్న. 2017లో సుప్రీంకోర్టు ఆ భిన్నాభిప్రాయాన్నే సరైనదిగా స్వీకరించింది.

అయితే ఆ రాజీనామాను ఈ వ్యాసకర్త సమర్థించలేడు. తీర్పు తడి ఆరకముందే రాజకీయాల్లోకి దిగడంతో, ఆయనతో ఏకీభవించిన మిగిలిన ఐదుగురి నిర్ణయం మీదా అనుమానపు నీడ పడింది.