ఏ భయానికి ఏ కథ

అక్టోబరు వచ్చిందంటే అమెరికా, బ్రిటన్ పత్రికల్లో దెయ్యాల పుస్తకాల జాబితాలు మొదలవుతాయి. 31న హాలోవీన్, ఆలోగా చదివి తీరాల్సిన పుస్తకాలు, ఒంటరిగా ఉన్నప్పుడు తెరవకూడని నవలలు అంటూ ఊరిస్తారు. ఆ జాబితాలు ఇప్పుడు హైదరాబాద్ పాఠకుల ఫోన్లలోకీ డాలస్‌లోని తెలుగు ఇళ్ళలోకీ వస్తున్నాయి. దెయ్యం కథకు ఒక రుతువు ఉండడంలో తప్పేమీ లేదు. విక్టోరియా కాలపు ఇంగ్లండులో దాని రుతువు క్రిస్మస్, జపాన్‌లో వేసవి. నా పేచీ రుతువుతో కాదు, ఆ జాబితాలు వాడే కొలతతో. అన్నిటికన్నా భయంకరమైన పుస్తకం పైన ఉంటుంది, తక్కువ భయపెట్టేవి కిందికి దిగుతూ పోతాయి. భయాన్ని కారంలా కొలిచి, అది ఏ నాలుక మీదైనా ఒకేలా మండుతుందని అనుకోవడం ఇది. ఒకరికి నిద్ర పట్టనివ్వని కథ ఇంకొకరికి ఆవలింతలు తెప్పిస్తుందని పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే వాళ్ళందరికీ తెలుసు. ఎంత భయపెడుతుందన్న ప్రశ్నకు అందుకే జవాబు దొరకదు. దేని గురించి భయపెడుతుందన్న ప్రశ్నకు దొరుకుతుంది. సిఫార్సు చేయడమనే పని అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

డబ్ల్యూ. డబ్ల్యూ. జేకబ్స్ కథ ‘ది మంకీస్ పా’ తీసుకోండి. 1902 నాటిది. ఇండియాలో కొలువు చేసి వచ్చిన ఒక సార్జెంట్ మేజర్, అతను తెచ్చిన ఎండిన కోతి పంజా, దానికి ఒక ఫకీరు పెట్టిన మంత్రం, మూడు కోరికలు. పైకి కనిపించే సరుకు ఇంతే, ఇందులో భయం పాలు తక్కువే. ఆ పంజా చేతికొచ్చిన వైట్ దంపతులు అత్యాశాపరులు కూడా కారు. ఇంటి బాకీ తీరితే చాలని, కొడుకు సరదాగా పురిగొల్పితే రెండు వందల పౌన్లు కోరుకుంటారు. మర్నాడు కొడుకు పనిచేసే కంపెనీ నుంచి ఒక మనిషి వస్తాడు. అబ్బాయి యంత్రంలో చిక్కుకుని పోయాడు. తమ బాధ్యత ఏమీ లేదంటూనే, అతని సేవలకు గాను కంపెనీ కొంత సొమ్ము ఇస్తుంది. ఎంతో చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో ఈ కథలో అన్నిటికన్నా భయంకరమైనది ఆ అంకె. తర్వాత ఒక రాత్రి తలుపు చప్పుడవుతుంది. తలుపవతల ఏముందో జేకబ్స్ చూపించడు, పిల్లల్ని పెంచినవాళ్ళు తామే చూసుకుంటారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడు దీన్ని చమత్కారమైన కోరికల కథగా చదివి బాగుందంటాడు. కొడుకును రాత్రి షిఫ్టుకు మందుల ఫ్యాక్టరీకి పంపి, తెల్లవారేదాకా ఫోను పక్కన పెట్టుకుని పడుకునే తల్లి చదివితే అది వేరే కథ. అక్షరాలు మాత్రం అవే.

ఇలా చూస్తే పుస్తకాల వరుస మొత్తం మారిపోతుంది. దెయ్యాల నవలలు, రక్తపిశాచుల నవలలు, పాడుబడ్డ బంగళాలు అనే అరలు పోయి, బిడ్డ గురించిన భయం, బాధ్యత గురించిన భయం, తన మాట ఎవరూ నమ్మరన్న భయం అనే అరలు వస్తాయి. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ దగ్గర పట్టాలు తప్పిన రైల్లో చార్లెస్ డికెన్స్ ఉన్నాడు, గాయపడ్డవాళ్ళకు సాయం చేశాడు. మరుసటి ఏడాది ‘ది సిగ్నల్‌మన్’ రాశాడు. అందులో సొరంగం దగ్గర కనిపించే ఆకారం ఎవరినీ ఏమీ చేయదు, హెచ్చరిస్తుంది. ప్రమాదం రాబోతోందని అక్కడి సిగ్నల్ ఉద్యోగికి తెలుసు, ఏ ప్రమాదమో తెలియదు. తంతి కొట్టాలంటే ఏమని కొట్టాలి? ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సుకు, సబ్‌స్టేషన్‌లో ఒంటరిగా కూర్చునే ఆపరేటరుకు నేనైతే ఇదే చెబుతాను. ఇక రవీంద్రనాథ్ టాగూర్ ‘క్షుధిత పాషాణ్’ 1895లో వచ్చింది. అందులో కథ చెప్పే మనిషి హైదరాబాద్ నిజాం సర్కారులో పత్తి సుంకం వసూలు చేసే ఉద్యోగి. పగలు లెక్కలు రాసుకుని, రాత్రికి పాత మహలులోని తీరని కోరికలకు లోబడిపోతాడు. ఆఫీసుకూ తన అసలు జీవితానికీ పొంతన లేదనుకునే వాళ్ళకు అది బాగా తగులుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఇవ్వాల్సిన పుస్తకం షెర్లీ జాక్సన్ నవల ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. 1959లో వచ్చినప్పటి నుంచి పాడుబడ్డ బంగళా నవలల్లో దీన్నే మొదట చెబుతారు. తలుపులు బాదే చప్పుళ్ళు, గోడల మీద రాతలు ఉన్నాయి, నిజమే. ఐతే నవల నిలబడింది ఎలినార్ వాన్స్ అనే మనిషి మీద. వయసు 32. మంచం పట్టిన తల్లికి పదకొండేళ్ళు చాకిరీ చేసింది, తల్లి పోయాక అక్క ఇంట్లో తలదాచుకుంటోంది, తనదంటూ ఒక గది కూడా లేదు. హిల్ హౌస్‌కు రమ్మని ఒక పరిశోధకుడు రాసిన ఉత్తరమే ఆమెకు అందిన మొదటి పిలుపు. ఇల్లు ఆమెను భయపెడుతుంది, అంతకన్నా ఎక్కువగా కావాలనుకుంటుంది. అప్పటిదాకా ఎవరికీ అక్కర్లేకపోయిన మనిషికి, ఒక చెడ్డ ఇల్లు నువ్వు మాదానివంటే ఏమవుతుంది? ముసలి తల్లిదండ్రుల సేవలో వయసు గడిచిపోయి, అన్నదమ్ముల ఇళ్ళలో మిగిలిపోయిన ఆడవాళ్ళు మన మధ్య ఎందరో ఉన్నారు. ఈ నవలను వాళ్ళు చదివినంత లోతుగా దెయ్యాల అభిమానులు చదవలేరని నేను గట్టిగా అనగలను.

ఇక్కడే ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. గాయం ఉన్నచోటే వేలు పెట్టడం సిఫార్సు ఎలా అవుతుంది? రచయితలే వెనకాడిన సందర్భం ఉంది. స్టీఫెన్ కింగ్ ‘పెట్ సెమెటరీ’ రాసి, మరీ చీకటిగా ఉందని పక్కన పెట్టేశాడు. పబ్లిషరుతో ఒప్పందం తీర్చుకోవడానికి చివరికి 1983లో బయటకిచ్చాడు. రద్దీ రోడ్డు పక్క ఇంట్లో ఉన్నప్పుడు చిన్న కొడుకు ఆ రోడ్డు వైపు పరుగెత్తిన సంఘటనలో దాని మూలం ఉంది. బిడ్డను పోగొట్టుకున్న వాళ్ళ చేతిలో ఆ నవల పెట్టడం క్రూరత్వం. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో అచ్చువేసిన ‘ది యెల్లో వాల్‌పేపర్’ కూడా అంతే. కాన్పు తర్వాత విశ్రాంతి పేరుతో డాక్టరు భర్త ఒక గదికి కట్టిపడేసిన స్త్రీ కథ అది, ఆ చికిత్స గిల్మన్ స్వయంగా అనుభవించింది. పురుటి మంచం దిగని అమ్మాయికి అది ఇవ్వకూడదు. ఆమె భర్తకు ఇవ్వాలి. ఈ అభ్యంతరం నా వాదనను పడగొట్టదు, ఇంకాస్త పదును పెడుతుంది. కథ తాకాల్సింది జరగవచ్చని లోపల దాచుకున్న భయాన్ని, జరిగి ఇంకా మానని గాయాన్ని కాదు. ఆ తేడా తెలియాలంటే పుస్తకం ఒక్కటీ తెలిస్తే చాలదు, మనిషీ తెలియాలి. ముక్కూమొహం తెలియని వేలమందికి వేసే జాబితాకు అది సాధ్యం కాదు. భయమేమిటని ఎవరినీ నిలదీయనక్కర్లేదు, వాళ్ళు ఏం పని చేస్తారో, ఎవరి కోసం బతుకుతున్నారో గమనిస్తే చాలు.

ఇంకో అభ్యంతరం మన తెలుగుదే. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ చిన్నపిల్ల మీద చేతబడి చుట్టూ తిరిగి పాఠకుల్ని ఉర్రూతలూగించినప్పుడు, అది మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయిదమ్ము’ అని ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శను కొట్టిపారేయలేం. బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టిన, చంపిన ఘటనలు జరిగాయి. అలాంటి చోట భయం కథ ఒట్టి కాలక్షేపం కాదు. అందుకని దెయ్యం కథలన్నిటినీ వెలివేయాలా? అక్కర్లేదు, ఇంకో ప్రశ్న కలుపుకుంటే సరిపోతుంది: పుట్టిన భయం చివరికి ఎవరి మీదికి పోతోంది? ఊరి చివర ఒంటరి ముసలిదాని మీదికో, కులవృత్తి చేసుకునే మాంత్రికుడి మీదికో పోయే కథను ఎంత బిగువుగా రాసినా నేను సిఫార్సు చేయను. షెర్లీ జాక్సనే 1948లో న్యూయార్కర్ పత్రికలో రాసిన ‘ది లాటరీ’ సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నిలబడుతుంది. ఎండ కాస్తున్న ఉదయం, కబుర్లు చెప్పుకునే ఇరుగుపొరుగు, పిల్లలు, ఏటేటా జరిగే ఆచారం. దెయ్యం లేదు, మంత్రం లేదు, ఊరే ఉంది. అచ్చయ్యాక వందల ఉత్తరాలు వచ్చాయి, చాలామందికి కోపం వచ్చింది. ఆచారమంటే నోరెత్తని ఊళ్ళున్న చోట ఈ కథ పదిమంది చేతుల్లో పడాలి.

కాసేపు వెన్ను జలదరిస్తే చాలు, ఇంత విచారణ ఎందుకనే వాళ్ళూ ఉంటారు, అదీ న్యాయమైన కోరికే. అలాంటివాళ్ళకూ, మనకు ఇంకా తెలియని పాఠకులకూ ఎం. ఆర్. జేమ్స్‌ను మించినవాడు లేడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో పాత రాతప్రతులు చదివే పండితుడు, క్రిస్మస్ రాత్రుల్లో మిత్రులకు తన కథలు చదివి వినిపించేవాడు. 1904 నాటి మొదటి సంపుటిలోనే, సముద్రపు ఒడ్డు శిథిలాల్లో ఈల దొరికిన ప్రొఫెసరు కథ ఉంది. అందులో భయం ఎవరి సొంత గాయాన్నీ తాకదు. ఖాళీ మంచం మీద దుప్పటి కదలడం దగ్గర అది మొదలవుతుంది, మంచం లేని ఇల్లు లేదు కదా. చదివినవాళ్ళను ఎలా ఉందని అడిగితే బాగుందంటారు, దానివల్ల ఏమీ తెలియదు. ఏ పేజీ దగ్గర ఆగి పుస్తకం మూశారో అడిగితే, తర్వాత ఇవ్వాల్సింది జేకబ్సో, డికెన్సో, జాక్సనో తేలుతుంది.