బండి ఎత్తాలంటే ముందు కాడిని చూడాలి

అనకాపల్లిలో చెరకు పరిశోధన 1913లో మొదలైంది. చెరకు రకాల గురించి, బెల్లం మార్కెట్ గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం. ఆ చెరకును బురద చేలల్లోంచి గట్టెక్కించిన బండి ఎత్తు మాత్రం మన మాటల్లోకి రాదు. నిండు బండి గాడిలో దిగబడినప్పుడు ఇరుసు నేలకు తగిలిందంటే ఎద్దులు ఎంత లాగినా కదలదు.

నాటుబండికి ఎత్తునిచ్చేది చక్రమే. ఐదడుగుల చక్రానికి ఇరుసు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, పెద్ద చక్రం గుంతను తేలిగ్గా దాటుతుంది కూడా. అసలు పనితనం పట్టా వేసేటప్పుడు చూడాలి. చక్రం నడిమి కుండలోకి ఆకులు, ఆకుల కొసలకు అంచు పూటీలు వడ్రంగి బిగించి ఇస్తాడు. కమ్మరి ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త తక్కువకే అతుకుతాడు. చుట్టూ పిడకలు పేర్చి కాలిస్తే పట్టా సాగుతుంది. ఎర్రబడ్డాక నలుగురూ పటకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, కర్ర పొగ చిమ్ముతుండగానే నీళ్లు కుమ్మరిస్తారు. ఇనుము ముడుచుకుంటూ కీళ్లన్నిటినీ కరకరమంటూ బిగించేస్తుంది. కొలత ఎక్కువైతే పట్టా ఊడుతుంది, మరీ తక్కువైతే ఆకులు వంగిపోతాయి. ఇంత నిక్కచ్చి పనిని మోటు పని అనడం అన్యాయం.

చక్రం పెంచితే సరిపోదు. ఎద్దు మెడ ఎత్తు మారదు కాబట్టి బండి ముందుకు వాలి, కాడి మీద బరువు ఎక్కువవుతుంది. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు గొంతు నొక్కుతాయి. అందుకే నొగల వాలు, సరుకు సర్దుబాటు కూడా చూసుకునేవారు.

ఇప్పటి ట్రాక్టరు తొట్టికీ, కారు వెనక తగిలించే ట్రైలరుకూ ఇదే లెక్క. ఇరుసు కిందున్న కమానుకట్టను ఇరుసు మీదికి మారిస్తే తొట్టి లేస్తుంది. కమాను కింద చెక్కముక్కలు దొంతరగా పేర్చడం మాత్రం ప్రాణాలతో ఆట. బ్రేకు వేసినప్పుడు అవి జారతాయి, ఇరుసు పక్కకు తిరుగుతుంది. ఎత్తుతోపాటు బోల్తా భయమూ పెరుగుతుంది. చక్రాల మధ్య ఐదడుగుల ఎడం ఉండి, బరువు కేంద్రం నాలుగడుగుల ఎత్తులో ఉంటే నిలబడి ఉన్న బండి దాదాపు 32 డిగ్రీల వాలు దాకా ఓర్చుకుంటుంది. ఆ కేంద్రం ఐదడుగులకు చేరితే 27 డిగ్రీల లోపే పడిపోతుంది. మలుపులో వేగం తోడైతే ఆ మాత్రం వాలు కూడా అక్కర్లేదు.

తొట్టి ఎత్తు పెంచే పని చేసేటప్పుడు గట్టి నేల చూసుకోండి. చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఇరుసు కింద స్టాండు లేకుండా తొట్టి కిందికి దూరకండి. బోల్టులు బిగించాక కొంతదూరం నడిపి మళ్లీ బిగించండి. చివరగా సరుకు నింపి, ట్రాక్టరుకు తగిలించి, పక్కనుంచి చూడండి. తొట్టి నేలకు సమంగా లేకపోతే కొక్కెం ఎత్తు సరిచేయించేదాకా రోడ్డెక్కకండి.