సైరా చిత్రమున రేనాటి బలగము

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను దేశమంతటికిని వినిపింపబూని 2019 అక్టోబరు 2వ తేదీని ‘సైరా నరసింహారెడ్డి’ చలనచిత్రము వెలువడెను. సురేందర్ రెడ్డి దర్శకుడు, చిరంజీవి నాయకుడు. నాయకుని నటనమును గూర్చి పలువురు పలికియేయున్నారు. విచారింపదగినది వేఱొకటి గలదు. ఆ నాయకుని వెంట నడచినవారెవరు? చిత్రమున వారికి దక్కిన చోటెంత?

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీవారి కప్పగించిన పిదప మన్రో పాలెగాండ్ర యధికారమును తొలగించి భరణము లేర్పఱచెను. నరసింహారెడ్డి పాలికి వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఈ చిల్లరయే కోపకారణమైనచో తిరుగుబాటు ఒక్క యింటి గోడుగా ముగిసియుండెడిది. అట్లు గాలేదు. ఊరి కావలియే వృత్తిగా, మాన్యమే జీతముగా బ్రతుకుచుండిన కట్టుబడివాండ్ర భూములకు సర్కారు ఎసరు పెట్టెను. వారును, బోయలును, వడ్డెలును, చెంచులును వచ్చి చేరిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై బడినది ఇట్టి బలగమే. పిదప నేరము మోపబడినవారు 901 మంది. శిక్షపడినవారు 112 మంది. నాయకుని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరిదీసిరి.

ఇక చిత్రమును జూడుడు. అవుకురాజు పాత్ర కన్నడ నటుడు సుదీప్‌ది. రాజాపాండి తమిళ నటుడు విజయ్ సేతుపతి. గురువగు గోసాయి వెంకన్నగా అమితాబ్ బచ్చన్ వచ్చెను. కథ చెప్పునది ఝాన్సీ లక్ష్మీబాయి! చిత్రము తమిళ కన్నడ మలయాళ హిందీ భాషలందును విడుదలయ్యెను గనుక ఈ యెంపికకు హేతువు తెలియుచునే యున్నది. ఇదియు వైవిధ్యమే, కాదనరాదు. ఐనను బయటినుండి తెచ్చినది. రేనాట సహజముగా నుండిన వైవిధ్యము గుంపులో గలసిపోయినది. నరసింహారెడ్డికి కుడిభుజమని రేనాటివారు నేటికిని చెప్పుకొను వడ్డె ఓబన్నకు రాజాపాండికి దక్కిన నిడివి దక్కలేదు. నల్లమల చెంచునకును, కట్టుబడివానికిని కథ నడుపు భాగ్యము లేదు. సంభాషణలందు రేనాటి యాసయు చాలవఱకు వినబడదు.

2017లో వచ్చిన ‘డన్‌కర్క్’ చిత్రమున, 1940లో ఆ తీరముననే యుండిన భారతీయ కంచరగాడిదల దళములు కానరావని విమర్శ లేచెను. న్యాయమైన విమర్శయే. పరాయివాని యుపేక్షను వేలెత్తి చూపుట సులభము; మనవారి చిత్రమునకు అదే కొలబద్ద పెట్టువారు తక్కువ.

లక్ష్మి పాత్రను మాత్రము మెచ్చుకొనవలెను. ఆటపాటలతో జనమును మేల్కొల్పుమని నాయకుడామెకు చెప్పును. ఇది కేవలము కల్పన యనరాదు. వీరుని యనంతరము కథను కాపాడినది జానపదుల గొంతుకయే. తంగిరాల వెంకట సుబ్బారావు ఆ వీరగాథలను సేకరించి పరిశీలించిరి. చిత్రమునకు పేరైన ‘సైరా’ యను మాటయు ఆ పాటలలోనిదే.

ఇకముందు ఈ కథను చేపట్టువారు శిక్షపడిన 112 మందిలో ఒక్క కట్టుబడివానిని ఎన్నుకొని, వాని మాన్యము సర్కారుపాలైన దినమునుండి కథ నారంభింపవచ్చును. అప్పుడు కోయిలకుంట్ల ఖజానా ఏల కొల్లపోయెనో ప్రేక్షకునకు వేఱుగ చెప్పనక్కఱలేదు.