సయాము నమూనా, బందరు రంగు

క్లెమెంటిలో ఉండే తెలుగువాళ్ళకి ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియం దూరమేమీ కాదు. రైలెక్కి రాఫెల్స్ ప్లేస్‌లో దిగి, కావెనా వంతెన మీదుగా నది దాటితే ఎదురుగానే ఉంటుంది. అయినా ఊరినుంచి వచ్చిన చుట్టాలకి మనం చూపించే చోట్లలో దాని వంతు జూ తరవాత, ముస్తఫా తరవాత వస్తుంది. ఒకవేళ వెళ్ళినా, థాయి సంస్కృతి అనగానే బుద్ధ విగ్రహాల దగ్గర ఆగి ఫొటోలు తీసుకుంటాం. నేను చెప్పదలుచుకున్నది బట్టల సంగతి.

2011 చివర్లో ఆ మ్యూజియం 'పాటర్న్స్ ఆఫ్ ట్రేడ్' అనే ప్రదర్శన పెట్టింది. 1400 నుంచి 1900 దాకా భారతదేశం నుంచి ఎగుమతైన బట్టలు దాని విషయం. అలాంటి బట్టల్లో సయాము కోసం తయారైనవాటిది ఒక ప్రత్యేకమైన కోవ. థాయి భాషలో వాటిని 'ఫా లాయ్ యాంగ్' అంటారు, అంటే నమూనా ప్రకారం చేసిన బట్ట అని. నమూనాలు సయాము రాజాస్థానం నుంచి ఓడలెక్కి మన తీరానికి వచ్చేవి. చేతులు జోడించిన దేవతలు, మంటల్లా పైకి లేచే ఆకులు అక్కడి ఊహలు. మన అద్దకంవాళ్ళు వాటిని నూలుబట్ట మీదికి దించి తిరిగి పంపేవారు. ఎవరు ఏ బట్ట కట్టాలో కొలువులోని హోదా నిర్ణయించేది. 1767లో అయుత్థయ నగరం నాశనమైనా, ఆ తరవాత బాంకాక్ రాజుల కాలంలోనూ ఈ వ్యాపారం సాగింది.

ఇందులో మనవాళ్ళ పాత్ర ఎంత? 17వ శతాబ్దంలో గోల్కొండ సుల్తానులకి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడ బయలుదేరిన ఓడలు బంగాళాఖాతం దాటి, అప్పట్లో సయాము ఏలుబడిలో ఉన్న మెర్గుయి రేవుకి చేరేవి. సరుకు అక్కడినుంచి కొండలు దాటి అయుత్థయకి వెళ్ళేది.

ఇలాంటి బట్టల పక్కన ప్రపంచంలో ఏ మ్యూజియమైనా సాధారణంగా రాసేది ఒక్కటే: 'కోరమాండల్ తీరం, థాయి మార్కెట్టు కోసం'. కొన్నవాడెవరో స్పష్టంగా తెలుస్తుంది. చేసినవాడు మాత్రం వందల మైళ్ళ సముద్రతీరంగా మారిపోతాడు. పైగా కోరమాండల్ అన్నది చోళమండలం నుంచి వచ్చిందంటారు కనక, అందులో కృష్ణాతీరం కూడా ఉందని మన పిల్లలకి తట్టనే తట్టదు.

అలాగని 'ఇదంతా మనదే' అని జబ్బలు చరుచుకోవడం కూడా నాకు నచ్చదు. ఫలానా బట్ట బందరులో అద్దారా, పులికాట్‌లోనా, ఇంకా దక్షిణాదినా అన్నది చాలాసార్లు తేల్చడం కష్టం. తెలియనప్పుడు తీరం పేరు రాయడమే నిజాయితీ. ఊహ థాయివాళ్ళది, కనక ఆ బట్టని తమ సంస్కృతి అని వాళ్ళు చెప్పుకోవడమూ న్యాయమే.

నా అభ్యంతరం ఊరిపేరు లేదని కాదు, పని కనిపించడం లేదని. బట్టని కరక్కాయ రసం కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెట్టాలి. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూసి చిరివేరుతో ఉడకబెట్టాలి. నలుపుకి ఇనప తుక్కూ బెల్లమూ పులియబెట్టాలి. నీలం అక్కరలేని చోటల్లా మైనం కప్పి, నీలిమందు తొట్టిలో ముంచాలి. ఇంత పనినీ 'రంగులద్దిన నూలుబట్ట' అన్న రెండు మాటల్లో సర్దేస్తే, నమూనా గీసినవాడు కళాకారుడిగానూ దాన్ని బట్ట మీద నిలిపినవాడు కూలివాడిగానూ మిగిలిపోతారు.

ఈ లోటు తీర్చడానికి మ్యూజియంవాళ్ళ కోసం ఎదురుచూడనక్కర్లేదు. కరక్కాయ, పటిక, బెల్లం మన ఇళ్ళలో ఇంకా వినపడే మాటలే. పెడనలో ఇప్పటికీ అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. సెలవులకి బందరు వైపు వెళ్ళే కుటుంబాలకి అది పక్కనే. మ్యూజియంలో చూసిన బట్టనీ అక్కడి బల్లమీద అద్దకాన్నీ ఒకే ఏడాదిలో చూసిన పిల్లలకి, వాటిమధ్య సంబంధం ఎవరూ ఉపన్యాసమిచ్చి చెప్పనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. ఇలాంటి బట్టలు వెలుతురుకి వెలిసిపోతాయి కనక మ్యూజియంలు వాటిని మార్చి మార్చి పెడుతుంటాయి. మీరు వెళ్ళిన రోజున సయాము బట్ట లేకపోవచ్చు. ఎప్పుడు పెడతారని అక్కడివాళ్ళని అడగండి. అడిగేవాళ్ళున్నారని వాళ్ళకీ తెలియాలి కదా!